పటము క్రింది మాట

శాస్త్ర విద్యార్థులు సమర్పించు ప్రాజెక్టు నివేదికలలో నేడు పటములకు కొదువ లేదు. పులికాట్ సరస్సు, కృష్ణపట్నం రేవు, బకింగ్‌హాం కాలువ, రొయ్యల చెరువులు: నెల్లూరు సముద్రతీరమును గూర్చి వ్రాయువారందరి చేతిలోను కెమెరా కలదు. కొరవడినది పటము క్రింద ఉండవలసిన మాట. 'పటము 4: పులికాట్ సరస్సు' అని వ్రాసి ఊరకుండుట ఆచారమైపోయినది. అది పేరే గాని వివరణ కాదు.

ఈ లోపము చిన్నది కాదు. పులికాట్ ఏడాది పొడుగున ఒకే రూపమున ఉండు సరస్సు కాదు. దాని వైశాల్యము నీరు తగ్గినపుడు సుమారు 250, పెరిగినపుడు సుమారు 450 చదరపు కిలోమీటర్లు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రోడ్డుకు ఉత్తరమున నున్న భాగము వేసవిలో చాలవరకు ఎండిపోవును. మే నెలలో తీసిన ఛాయాచిత్రమును నెల చెప్పక చూపినచో సరస్సు నశించినదని చదువరి తలచును. డిసెంబరులో తీసినది చూపినచో ఏ కొరతయు లేదని నమ్మును. రెండు చిత్రములును నిజమైనవే. కలుగు అభిప్రాయములు రెండును తప్పే.

'నెల్లూరు జిల్లా పటము' అనుటయు ఇట్టిదే. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినవి. ఏ సంవత్సరపు పటమో చెప్పనిచో సరిహద్దు ఎట్లు పోల్చుకొనగలము?

ఇక సంఖ్యల సంగతి. వీనిని చేతితో టైపు చేయుట వలన, నడుమ ఒక పటమును తొలగింపగానే కొంగల వర్ణన రొయ్యల చెరువును చూపును. ఈ శ్రమ యంత్రమునకు వదలవచ్చును. వర్డ్‌లో 'రిఫరెన్సెస్' క్రింద 'ఇన్సర్ట్ క్యాప్షన్' కలదు. అందు 'న్యూ లేబుల్' ద్వారా 'పటము' అను తెలుగు మాటనే నిలుపవచ్చును. 'క్రాస్ రిఫరెన్స్' వాక్యములోని 'పటము 4 చూడుడు' అను సూచనను ఆ పటముతో ముడివేయును. 'ఇన్సర్ట్ టేబుల్ ఆఫ్ ఫిగర్స్' పుటసంఖ్యలతో పటముల పట్టికను కూర్చును. పటములను జరిపిన పిదప పత్రమంతయు ఎంపిక చేసి ఎఫ్9 మీట నొక్కినచో సంఖ్యలు సరిపడును.

అయితే యంత్రమునకు పటము ఎన్నవదో మాత్రమే తెలియును. ఎచట, ఎప్పుడు, ఎవరు తీసిరో, అందు చూడవలసినదేమో వ్రాసినవాడే చెప్పవలెను. 2024 మేలో తీసిన చిత్రమనుకొందము: 'పులికాట్ ఉత్తర భాగము, రోడ్డు మీది నుండి, మే 2024, నీరు తొలగిన నేల' అన్నచో చాలును.

నివేదికను పరీక్షించు అధ్యాపకులు ముందుగా పటముల పట్టికనే చదువుదురు గాక. 'సరస్సు', 'సరస్సు: మరియొక దృశ్యము', 'పక్షులు' అని వరుసగా ఉన్నచో దానిని దిద్దుటకు తిరిగి ఈయవలెను. పట్టిక చదువగానే పరిశోధన దారి తెలిసినచో ఆ విద్యార్థి తాను చూచినదేమో ఎరిగియే వ్రాసినాడనవచ్చును.