నియమంలో లాలిత్యం: స్నెల్ రౌండ్‌హ్యాండ్ ముద్రాక్షరాలు – ఒక పరిశీలన

శుభలేఖలకు, సన్మాన పత్రాలకు, యోగ్యతా పత్రాలకు చేతిరాతను పోలిన ముద్రాక్షరాలను ఎంచుకోవడం పరిపాటి. ఈ తరహా అక్షరాల మీద తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది. చేతిరాతలో ఒకే అక్షరం రెండుసార్లు ఒకేలా రాదు. అచ్చులో ప్రతిసారీ ఒకేలా వస్తుంది. కాబట్టి ఇది ప్రాణం లేని అనుకరణ అని. ఈ ఆక్షేపణలోని సామంజస్యాన్ని రోమన్ లిపిలోని స్నెల్ రౌండ్‌హ్యాండ్ ఆధారంగా పరిశీలించి, తెలుగు అలంకార లిపులకు దాని నుంచి గ్రహించవలసినదేమిటో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

మూలం – స్వభావం

చార్లెస్ స్నెల్ 17, 18 శతాబ్దుల సంధికాలంలో లండన్‌లో రాత నేర్పిన గురువు. ఆనాటి ఆంగ్ల రౌండ్‌హ్యాండ్ మొన సన్నని ఈక కలంతో రాసేది. కలాన్ని కిందికి దించేటప్పుడు ఒత్తిడి పెరిగి గీత లావెక్కుతుంది. పైకి తీసేటప్పుడు వెంట్రుకలా సన్నబడుతుంది. అంటే ఆ లిపి అందానికి ఆధారం ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు. అప్పటి ఒరవడి పుస్తకాలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసేవారు. అందువల్ల పాఠకుని ముందున్నది చేతిరాత కాదు, చెక్కేవాని ఉలి తిరిగి గీసిన చేతిరాత. పైగా స్నెల్ అక్షరాలకు కొలతలు, నియమాలు ఉండాలని పట్టుబట్టినవాడు. 1714లో ఆ నియమాలను పుస్తకంగా ప్రకటించాడు. సమకాలిక లేఖకుడు జాన్ క్లార్క్‌తో ఆయనకు జరిగిన వివాదం కూడా వీటి మీదనే.

రెండున్నర శతాబ్దుల తర్వాత, 1966లో, మాథ్యూ కార్టర్ ఈ రాత ఆధారంగా లైనోటైప్ సంస్థకు ముద్రాక్షరాలు రూపొందించాడు. కార్టర్ హార్లెమ్‌లోని ఎన్స్‌ఖెడే సంస్థలో ఉక్కు అచ్చులు చెక్కడం నేర్చినవాడు. లోహపు అక్షరానికి ఉన్న పరిమితి ఆయనకు తెలుసు. లోహపు అక్షరం దీర్ఘచతురస్రపు దిమ్మె మీద నిలుస్తుంది. ఏటవాలు అక్షరం దిమ్మె దాటి బయటికి వస్తే ఆ కొస విరుగుతుంది. లోపలే ఉంటే పక్క అక్షరంతో కలవదు. ఏటవాలు దిమ్మెలు పోసి ఈ చిక్కు తీర్చే ప్రయత్నం 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో జరిగింది. ఫోటో కూర్పులో దిమ్మె లేదు. అక్షరం పక్క అక్షరం మీదికి ఒరగవచ్చు. స్నెల్ రౌండ్‌హ్యాండ్‌లో ముడి కనిపించకుండా సాగే కలయికలకు ఆ సాంకేతికతే అవకాశమిచ్చింది.

ఆక్షేపణ – సమాధానం

ఈ నేపథ్యంలో పై ఆక్షేపణ బలహీనపడుతుంది. స్నెల్ ఆశించినదే ఏకరూపత. ఒకే అక్షరం ప్రతిసారీ ఒకే కొలతలో రావడం ఆయన దృష్టిలో లోపం కాదు, సాధన. కాబట్టి కార్టర్ చేసింది స్నెల్ లక్ష్యాన్ని యంత్రం ద్వారా నెరవేర్చడమే. ఇందుకు భిన్నంగా హెర్మన్ జప్ఫ్ రూపొందించగా 1998లో వెలువడిన జప్ఫినో, ఒకే అక్షరానికి పలు రూపాలు సమకూర్చింది. దాని మూలం నియమబద్ధమైన ఒరవడి కాదు, స్వేచ్ఛగా సాగే ఒక కళాకారుని చేయి. అక్కడ ఏకరూపత నిజంగానే లోపమవుతుంది. కనుక కొలమానం అందరికీ ఒకటి కాదు. మూలంలోని చేతిరాత ఏ జాతిదో చూసి తీర్పు చెప్పాలి.

అయితే స్నెల్ రౌండ్‌హ్యాండ్‌కు హద్దులు లేకపోలేదు. చిన్న సైజులో సన్నగీతలు మాయమవుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచితే కలయికలు తెగిపోతాయి. పెద్దక్షరాలన్నీ వరుసగా పేర్చితే మాట చదవడమే కష్టం.

తెలుగుకు అన్వయం

తెలుగులో ఈ సౌందర్యాన్ని యథాతథంగా దింపుకోవడం వివేకం కాదు. తాటాకు మీద గంటం గీసిన గీతకు ఒత్తిడి వల్ల వచ్చే లావు సన్నాల భేదం ప్రధానం కాదు; వంపే ప్రధానం. పైగా మన లిపిలో చిన్న గీతలే అర్థభేదకాలు. దకారాన్ని ధకారం నుంచి, డకారాన్ని ఢకారం నుంచి వేరు చేసేది అడుగున ఉండే చిన్న నిలువుగీత. దానిని వెంట్రుకంత చేస్తే ‘ధనము’ ‘దనము’ అవుతుంది. పకారపు తలకట్టును లాలిత్యం పేరిట ఒడలితో కలిపితే అది వకారమవుతుంది. వకారానికి ఉత్వం కింది నుంచి మొదలు కాకపోతే మకారమని భ్రమ కలుగుతుంది. ఆంగ్లంలో అలంకారం చెడితే అందం పోతుంది. తెలుగులో అలంకారం చెడితే వర్ణమే మారుతుంది.

మరొక అంశం గమనార్హం. రోమన్ అలంకార లిపుల్లో అక్షరం పొరుగును బట్టి రూపం మార్చుకోవడం విలాసం. తెలుగులో అది వ్యాకరణం. క్రింద చేరే వత్తులు, హల్లుతో కలిసే గుణింతపు గుర్తులు ఓపెన్‌టైప్ నియమాల ద్వారానే సరైన రూపం పొందుతున్నాయి. ఆ యంత్రాంగం తెలుగు ఫాంట్లలో ఇప్పటికే ఉన్నది. ప్రత్యామ్నాయ రూపాలకు కూడా దానిని వినియోగించవచ్చు. బాపు చేతిరాత వంటి వ్యక్తిగతమైన రాతను ఫాంటుగా మలచేటప్పుడు అక్షరానికి ఒకే రూపంతో సరిపెట్టడం న్యాయం కాదు. అది జప్ఫినో మార్గాన్ని కోరే రాత, స్నెల్ మార్గాన్ని కాదు.

ముగింపు

లాలిత్యం సన్నగీతలో లేదు, మూలమైన చేతిరాత పట్ల నిజాయితీలో ఉంది. స్నెల్ రౌండ్‌హ్యాండ్ గొప్పతనం అదే. తెలుగు అలంకార లిపి రూపకర్త అనుకరించవలసినది దాని ఆకృతిని కాదు, ఆ నిజాయితీని. వంపు, తలకట్టు, వత్తుల అమరిక మన లిపికి సహజమైన అలంకార స్థానాలు. వర్ణభేదం చెడకుండా వాటిని తీర్చిదిద్దినప్పుడే మన సన్మాన పత్రానికి మనదైన గాంభీర్యం లభిస్తుంది.