ప్రశ్న లేని పరిశోధన

నడిగూడెం నుంచి రోజూ బస్సులో కోదాడ వెళ్ళి డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి ఈమధ్య నా దగ్గరికొచ్చింది. కాలేజీలో పరిశోధనా వ్యాసం రాయాలట. "తొలి తెలుగు కథ రాసింది భండారు అచ్చమాంబే అని రాద్దామనుకుంటున్నా. టాపిక్ బాగుందా మేడమ్?" అంది.

నాకు నా ఎం.ఫిల్. గుర్తొచ్చింది. ఒక నవలాకారుడి నవలల్లో స్త్రీ పాత్రలు నా అంశం. తల్లి, భార్య, వితంతువు, వేశ్య అని అధ్యాయాలు విడగొట్టి, కథలు క్లుప్తంగా చెప్పి, చివర రచయిత అభ్యుదయవాది అని తేల్చాను. ఆ మాట మొదటి రోజే రాసేయగలిగేదాన్ని. రెండేళ్ళలో నా అభిప్రాయం ఒక్కటీ మారలేదు. పట్టా మాత్రం వచ్చింది.

ఈ అమ్మాయికి అచ్చమాంబ మీద మనసు పోవడానికి కారణం ఊళ్ళోని కోట. మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు కోట అది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుకి అచ్చమాంబ అక్క. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడిన చరిత్రలో ఈ ఇద్దరు మగవాళ్ళ పేర్లూ వస్తాయి. తమ్ముడి చదువు పక్కన కూర్చుని చదువు నేర్చుకుని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, 1905లో 30 ఏళ్ళకే చనిపోయిన అక్క పేరు ఊళ్ళో ఎవరూ చెప్పలేదని ఆ పిల్ల కోపం. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపం పరిశోధనకి కారణం కాగలదు, అంశం కాలేదు.

'తొలి కథ' చర్చ అవసరం లేదని నేననను. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' దగ్గరే కథాచరిత్ర మొదలుపెట్టే అలవాటుని, 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన 'ధనత్రయోదశి'ని చూపించి ప్రశ్నించాల్సిందే. కానీ ఆ వాదనలు, ప్రతివాదనలు ఇప్పటికే అచ్చులో ఉన్నాయి. వాటిని పోగుచేస్తే మళ్ళీ తీర్పే మిగులుతుంది. పైగా 'తొలి' అన్న కిరీటం పెట్టేశాక కథ చదవడం మానేస్తాం.

"కథ చదివావా?" అని అడిగాను. చదవలేదంది. రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదవమన్నాను.

వారం తర్వాత వచ్చి, "రెండిట్లోనూ భార్యే భర్తని దిద్దుతుంది కదా మేడమ్" అంది. అక్కడ మొదలైంది అసలు పని. కమలిని చదువుకున్న భార్య, ఉత్తరం రాసి భర్తకి బుద్ధి చెబుతుంది. విజయలక్ష్మి పేద గుమాస్తా భార్య, దొంగసొమ్ముతో పండగ వద్దంటుంది. ఒకటి మగవాడు రాసింది, ఒకటి స్త్రీ రాసింది. అయినా ఇంటి నీతికి కాపలా ఇద్దరిలోనూ ఆడదానిదే. ఎందుకు? అచ్చమాంబని పొగడ్డానికే బయల్దేరిన పిల్లకి ఈ ప్రశ్న ఇబ్బందిగానే ఉంది. ఇబ్బంది పెట్టింది కాబట్టే అది మంచి ప్రశ్న.

ఆ అమ్మాయి ఇంకో పని కూడా చేసింది. అక్షరం రాని నాయనమ్మకి 'ధనత్రయోదశి' చదివి వినిపించింది. చివర్లో యజమాని ఆ ఇల్లాలి గుణం మెచ్చి ఆదుకుంటాడు. అంతా విని ముసలామె, "సేటు మంచోడు గాబట్టి సరిపాయె. కాకుంటే?" అందట.

నా పిహెచ్.డి. చదువంతటిలోనూ ఆ కథని నేనిలా అడగలేదు. ఒకరి పొలాల్లో కూలి చేసి బతికిన మనిషికి యజమాని మంచితనం మీద ఆధారపడ్డ ముగింపు నమ్మబుద్ధి కాలేదు. ఆ మాటని వ్యాసంలో పెట్టొచ్చా అని పిల్ల సందేహం. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో రాసి పెట్టమన్నాను. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో ఆడవాళ్ళ నోటిమాటల్నే చరిత్రగా అచ్చువేసిందని గుర్తుచేశాను.

రెండే కథలు, రెండూ చేతికందేవి, జవాబు ముందే తెలియని ఒక ప్రశ్న. డిగ్రీ వ్యాసానికి ఇంతకన్నా అక్కర్లేదు. 'భర్తను దిద్దే భార్య: ఆ పని ఆమెకు ఎవరప్పగించారు?' అని శీర్షిక పెట్టుకుంది. కాలేజీలో ఒప్పుకుంటారో లేదోనని భయపడుతోంది. చివర 'ఒక పరిశీలన' అని తగిలించమంటే తగిలించు, ప్రశ్నార్థకం మాత్రం తీసేయకు అని చెప్పి పంపాను.