మార్కుల కోసం కట్టిన నాట్యం

పరీక్షని ముద్దుగా తలుచుకునేవాళ్లు లోకంలో ఉంటారా? పదో తరగతి లెక్కల పేపరు మళ్లీ ఒక్కసారి రాయాలని ఉందని అరవై ఏళ్ల ఆవిడ ఎవరైనా అంటే, జ్వరం తగిలిందేమోనని ఇంట్లోవాళ్లు ఒళ్లు పట్టి చూస్తారు. ఇంగ్లండులో మాత్రం చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుని మానేసిన ఆడవాళ్లు, ఏ సభలోనూ ఆడని, టిక్కెట్టు కొని ఎవరూ చూడని ఒక పరీక్ష డాన్సుని పుట్టింటి ముచ్చటలా చెప్పుకుంటారు. మూడో గ్రేడులో నువ్వేం చేశావు, ఆ పాట ఎలా సాగేది, రిబ్బన్ల గౌను మీ అమ్మే కుట్టిందా - ఇదీ వరస. లెస్టర్‌లో మా అమ్మాయి దగ్గర రెండు వేసవులు గడిపినప్పుడు ఇలాంటి కబుర్లు బోలెడు విన్నాను. విన్నకొద్దీ నాకొక సందేహం పట్టుకుంది. ఇది ఉత్త చిన్నతనం మీద మమకారమేనా? లేక ఆ చిట్టి నాట్యాల్లో నిజంగానే కళ ఏమైనా ఉందా?

ముందొక మాట. మన సభల కరపత్రాల్లో నృత్యనాటకాన్ని బ్యాలే అని వేస్తుంటారు. నేను చెప్పేది అది కాదు. మునివేళ్ల మీద నిలబడే ఆ పాశ్చాత్య నాట్యం సంగతి. అందులో పిల్లలకి పరీక్షలు పెట్టాలన్న ఆలోచన కళ కోసం పుట్టలేదు, భయం కొద్దీ పుట్టింది. నూరేళ్ల కిందట ఇంగ్లండులో ఎవరు పడితే వాళ్లు బోర్డు కట్టి బ్యాలే నేర్పేవారు. ఎముక ముదరని పిల్లల్ని మునివేళ్ల మీద నిలబెట్టి కాళ్లు పాడుచేసేవాళ్లూ ఉండేవారు. 'డాన్సింగ్ టైమ్స్' పత్రిక సంపాదకుడు ఫిలిప్ రిచర్డ్‌సన్ 1920లో లండన్ ట్రొకడెరో రెస్టారెంటులో పేరున్న నర్తకుల్ని విందుకి పిలిచి ఈ గొడవ వాళ్ల ముందు పెట్టాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఎడలీన్ జెనే, రష్యన్ తమారా కర్సావినా, ఇంగ్లీషు పిల్ల ఫిలిస్ బెడెల్స్ వంటివాళ్లు కలిసి ఒక సంఘం పెట్టారు. అదే 1936లో రాయల్ అకాడమీ ఆఫ్ డాన్సింగ్ అయింది. ఇప్పుడు రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ అంటున్నారు. ఇటలీ గురువు చెకెట్టి పద్ధతిని నిలబెట్టడానికి 1922లో మరో సంఘం వెలిసింది. ఈ సంస్థల పరీక్షలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల దాకా పాకాయి. అంటే ఇది ఆవకాయ మీద వేసే సర్కారు ముద్రలాంటిది. సరుకు కల్తీ కాదని చెప్పడమే దాని పని, రుచి సంగతి దానికి పట్టదు.

పరీక్ష గదిలోకి తల్లికి ప్రవేశం లేదు. నేర్పిన టీచరుకీ లేదు. పిల్లలు ఇద్దరో, ముగ్గురో, నలుగురో కలిసి వెళతారు. ముందొకటి, వెనకొకటి నంబరు కాగితాలు పిన్నులతో గుచ్చుతారు. జుట్టు నున్నగా దువ్వి, ముడి చుట్టి, వల వేసి, ఒక్క వెంట్రుక చెదరకుండా పిన్నులు దిగ్గొడతారు. మనం పిల్లకి పూలజడ కుట్టినంత పనీ ఉంటుంది. లోపల బల్ల వెనక ఎగ్జామినరు, మూల పియానో. ఇప్పుడు రికార్డు పెట్టుకోవడానికీ వీలుంది. మొదట కమ్మీ పట్టుకుని మోకాళ్లు వంచడం, పాదం చాపడం. తర్వాత గది మధ్యలో చేతులూ, గెంతులూ. అవన్నీ అయ్యాక డాన్సు. చివర మోకాలు వంచి నమస్కారం. మా మనవరాలి పరీక్షనాడు నేను వరండాలో బెంచీ మీద కూర్చుని, తలుపు వెనకనుంచి పాటా, అడుగుల చప్పుడూ విన్నాను. అంతే నా భాగ్యం. పక్కనున్న తల్లి ఆ పాటకి మోకాలి మీద వేళ్లతో లెక్క వేస్తోంది. తన చిన్నప్పటి డాన్సు ఇది కాదట. దీనికంటే ఎంతో బాగుండేదట.

సరే, బాగుండడం అంటే ఏమిటి? మా మనవరాలు వంటింట్లో చేసి చూపించినవీ, ఆ ఊరి ఆడవాళ్లు టీ కప్పు పక్కన పెట్టి లేచి చేసినవీ చూశాక నాకు అర్థమైంది ఇది. ఒకటి రెండు నిమిషాల నాట్యం. అందులో గెంతు రావాలి, తిరగడం రావాలి, తలా చెయ్యీ కలవాలి, తాళం తప్పకూడదు. ఎగ్జామినరుకి చూడవలసినవన్నీ అందులో కనబడాలి. చూసేవాళ్లకి మాత్రం అది జాబితాలా అనిపించకూడదు. 'పా ద షా' అని ఒక గెంతు ఉంది, పిల్లి అడుగు అని దాని అర్థం. పరీక్ష కోసమైతే ఆ గెంతు చాలు. కానీ కట్టినావిడకి తెలివుంటే ఆ గెంతుకి ముందు ఒక క్షణం ఆగడం పెడుతుంది. అప్పుడది నిజంగా పిల్లి అవుతుంది. మొదటి పాట మధ్యలో మారి చివరికి పల్లవిలా తిరిగొస్తుంది. పిల్లకి ఇంటి దారి దొరికినట్టు మొహం విప్పారుతుంది. ఇరుకులో కట్టిన కట్టడం ఇది. ఇరుకు కాబట్టే ఒక్క అడుగు వృథా పోదు.

ఇంకొక గుణం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఎనిమిదేళ్ల పిల్లకి ఎనిమిదేళ్ల పిల్ల ఆనందమే ఇస్తారు. దూకడం, దాక్కోవడం, గిర్రున తిరగడం, పొడుగ్గా ఉన్నట్టు నటించడం. మన స్కూలు వార్షికోత్సవాల్లో రెండో తరగతి పిల్లల చేత సినిమా ప్రేమపాటలకి నడుము తిప్పిస్తారే, మనం చప్పట్లు కొడతామే, ఆ అన్యాయం ఇందులో లేదు. ఆ పిల్ల పెద్దయ్యాక తలుచుకోవడానికి సిగ్గుపడనక్కరలేని నాట్యం ఇది.

నాకు దీనికి సరైన పోలిక మన శతకపద్యంలో దొరికింది. సుమతీ శతకం పిల్లల చేత ఎందుకు చదివిస్తాం? నోరు తిరగాలనీ, నాలుగు మంచిమాటలు తలకెక్కాలనీ. పద్యం అప్పగించకపోతే తొడపాశం. అయినా అరవయ్యో ఏట కూర గిన్నె దించుతూ ఆ పద్యమే పెదాల మీదికొస్తుంది. తొడపాశం గుర్తుండదు, పద్యం నడక ఉంటుంది. పరీక్ష నాట్యం ఒంటితో నేర్చిన శతకపద్యం. అవసరానికి కట్టినా, అవసరం తీరాకా మిగిలింది.

అలాగని అంతా మెచ్చుకోలేను. ఏ మాట కామాటే చెప్పుకోవాలి. ఈ పరీక్షల్లో 'క్యారెక్టర్' డాన్సులని ఒక భాగం ఉంది. మడమ ఉన్న బూట్లు, అంచుకి వరసగా రిబ్బన్లు కుట్టిన గేరా గౌను. హంగరీ, రష్యా, పోలండు పల్లెజనం ఆటలంటారు. ఆడవాళ్లందరికీ ఎక్కువ గుర్తుండేవి ఇవే, గౌను మహిమ. కానీ చూస్తే అందులో పల్లె మట్టి కనబడదు. ఇస్త్రీ చేసిన పల్లె అది. మనం కాలనీ పిల్లలకి అద్దాల గాగ్రాలు అద్దెకి తెచ్చి లంబాడీ డాన్సు అని స్టేజి ఎక్కించడంలేదూ, అలాంటిదే. అడుగు వచ్చింది గానీ ఆ అడుగు వేసిన మనిషి రాలేదు.

రెండో దోషం ఇంకా గట్టిది. ఏడాది పొడుగునా పరీక్షలో వచ్చే ముక్కలే నూరిపోస్తారు కొన్నిచోట్ల. ఆ పిల్లకి ఆ పాట తప్ప వేరే పాట పెడితే కాలు కదలదు. ఇక మార్కుల ఘోష. నూటికి 75 దాటితే డిస్టింక్షన్, 55 దాటితే మెరిట్, 40 దాటితే పాస్. మెరిట్ వచ్చిందని ఏడ్చే పిల్లల్ని చూశాను. ఆ ఊళ్లోనే ఒకావిడ చెప్పింది, పదకొండో ఏట ఆవిడ టీచరు, నీ ఒళ్లు దీనికి సరిపడదు అని అందరి ముందూ అన్నదట. ఆవిడ అక్కడితో మానేసింది. చెబుతుంటే గొంతులో ఆ పదకొండేళ్ల పిల్లే వినిపించింది. విచిత్రం ఏమిటంటే, చెప్పడం అయ్యాక ఆ ఏటి డాన్సు చెయ్యి విరుపు మాత్రం సరిగ్గా చేసి చూపించింది. టీచరు మాట పోలేదు, చెయ్యి విరుపూ పోలేదు. ఈ జ్ఞాపకాల్ని తియ్యటివని మాత్రమే చెప్పేవాళ్లని నేను సగమే నమ్ముతాను.

వీళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. నోయెల్ స్ట్రెట్‌ఫీల్డ్ 1936లో రాసిన 'బ్యాలే షూస్' నవల ఇంగ్లీషు ఆడపిల్లలు తరతరాలుగా చదువుతున్నారు. ముగ్గురు పెంపుడు అక్కచెల్లెళ్ల కథ. చిన్నది పోసీ పుట్టు నర్తకి. నడిమిది పెట్రోవాకి మోటార్లూ, విమానాలూ ఇష్టం, అయినా ఇంటి గడుపుబాటు కోసం డాన్సు నేర్చుకోక తప్పదు. చదివిన ప్రతి పిల్లా తనే పోసీ అనుకుంటుంది. నిజానికి నూటికి తొంభైమంది అటు పోసీలూ కారు, ఇటు పెట్రోవాలూ కారు. ఇష్టమూ ఉంది, అంత విద్య అబ్బలేదు. విమర్శకులు మార్గో ఫాంటేన్ గురించి పుస్తకాలకి పుస్తకాలు రాశారు. ఆవిడ 1954 నుంచి 1991 దాకా ఆ అకాడమీకి అధ్యక్షురాలు, పిల్లల పాఠాలు తిరగరాయించడంలో ఆవిడ చెయ్యీ ఉంది. కానీ ఆవిడ కిందటి మెట్ల మీద ఆగిపోయిన లక్షలమంది నాట్యం ఏమిటి? ఇదే. నర్తకులు కాకుండా పోయినవాళ్ల నాట్యం ఈ పరీక్ష నాట్యం. దీన్ని చులకన చేస్తే వాళ్ల పదేళ్ల చాకిరీని చులకన చేసినట్టే.

మన దగ్గర ఈ గతి లేదా అంటే, కొంత తేడా ఉంది. బ్యాలేకీ మనకీ చుట్టరికం లేకపోలేదు. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహంతోనే రుక్మిణీదేవి మొదట బ్యాలే కొంత నేర్చుకుని, తర్వాత ఆవిడ మాట మీదే మన నాట్యం వైపు తిరిగింది. 1936లో కళాక్షేత్రం పెట్టింది. తరవాత్తరవాత మనకీ సర్టిఫికెట్లు, డిప్లొమాలు, పరీక్షలు వచ్చాయి. అయితే మన పిల్ల పరీక్షలో చేసే అలరింపూ, జతిస్వరమూ రేపు రవీంద్రభారతిలో పెద్ద నర్తకి చేసేవే. కూచిపూడి తరంగమూ అంతే. పాతికేళ్ల కిందట మానేసిన ఇల్లాలు సభలో మూడో వరసలో కూర్చున్నా, జతులు మొదలవగానే చీర కుచ్చెళ్ల కింద పాదం కదులుతుంది. తను చేసినదాన్ని మళ్లీ చూసుకునే చోటు ఆవిడకుంది. ఇంగ్లండు ఆవిడకి లేదు. 'స్వాన్ లేక్' చూడ్డానికి వెళితే ఆవిడ మూడో గ్రేడు డాన్సు అందులో ఉండదు. ఏ స్టేజీ మీదా ఉండదు. వాళ్ల తలపోతలో అంత ఆకలి ఎందుకుందో నాకు ఇక్కడ తెలిసింది.

పైగా కొన్నేళ్లకోసారి పాఠాలు మారుస్తారు. పాత డాన్సు తీసేసి కొత్తది పెడతారు. మార్చడం తప్పని నేననను. ఒళ్లు గురించి తెలిసినకొద్దీ మారాల్సిందే. కానీ పాతదాన్ని ఎవరు దాచారు? బెనేష్ దంపతులు 1950లలో అడుగుల్ని అయిదు గీతల మీద రాసే లిపి ఒకటి కనిపెట్టారు. కాగితం మీద కొన్ని భద్రంగానే ఉన్నాయి. కానీ పిల్లి గెంతుకి ముందు ఆగిన ఆ క్షణాన్ని ఒక్కో టీచరు ఒక్కోలా నేర్పింది. అది ఆ పిల్లల ఒళ్లలోనే ఉంది, వాళ్లకిప్పుడు మోకాళ్ల నొప్పులు. 2017లో ఆ అకాడమీయే 55 దాటినవాళ్ల కోసం 'సిల్వర్ స్వాన్స్' అని క్లాసులు మొదలుపెట్టింది. పరీక్ష లేదు, మార్కులు లేవు. ఆలస్యమైనా మంచి పని. అక్కడ ఒక్క పాత గ్రేడు డాన్సు అయినా అప్పుడప్పుడు ఆడిస్తే బాగుండునని నాకనిపిస్తుంది.

కాబట్టి నా తీర్పు అడిగితే ఇది. పరీక్ష నాట్యం గొప్ప కళ కాదు, కానీ నిజమైన కళ. దాని మీద మమకారం ఉత్త మమకారమూ కాదు, పనితనం తెలిసిన మమకారం. మన ఇళ్లలోనూ డాన్సు నేర్చుకునే ఆడపిల్లలున్నారు. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించండి, కాదనను. అందులో పేరూ, తరగతీ మాత్రమే ఉంటాయి. అందుకని దాని వెనక అట్ట మీద ఓ మాట రాసి పెట్టండి: ఆ ఏడు పిల్ల ఏ అంశం చేసింది, ఏ రాగం, ఏ తాళం, ఎవరు నేర్పారు, ఎక్కడ తడబడింది, ఎక్కడ నవ్వింది. రేపు అమ్మాయికి కావలసి వచ్చేవి అవే.