పిడి ఉంది, చెయ్యి లేదు

బొగ్గుల ఇస్త్రీపెట్టె. కింద బల్ల లేదు, వెనక గోడ లేదు, చుట్టూ ఉత్త తెల్ల కాగితం. 'ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్' అనే సేకరణలోని ఇలాంటి నీటిరంగు చిత్రాలు మొదటిసారి చూస్తే ఫోటోలేమో అనుకుంటాం. కాసేపు ఆగి చూడండి. ఫోటోలో వెలుతురు పడిన చోటే కన్ను నిలుస్తుంది. ఇక్కడ మూత కీలుకీ, అంచున తుప్పుకీ, అరిగిన పిడికీ కూడా సమానమైన ఓపిక దక్కింది.

ఆ ఓపికకి జీతం ఉంది. మహామాంద్యం రోజుల్లో పనిలేని చిత్రకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఉపాధి ఇది. 1935 నుంచి 1942 దాకా దాదాపు 18 వేల చిత్రాలు గీశారు: కాఫీ మరలు, జాడీలు, కుర్చీలు, దుప్పట్లు. ఇప్పుడవి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి, నెట్‌లో ఉచితంగా చూడొచ్చు.

వీటిలో నాకు నచ్చేది నలుపు. ఇనుము నల్లగా ఉంటుందని ఒకే రంగు పూసేస్తే ముద్దలా మిగులుతుంది. పల్చటి నీలం, గోధుమ పొరలు ఒకదాని మీద ఒకటి ఆరుతూ వస్తేనే బరువు కనిపిస్తుంది. తుప్పుని లోపంలా దాచలేదు, వస్తువు వయసులా గీశారు.

కానీ ఆ తెల్ల కాగితం దగ్గరే నాకు పేచీ. పిడి అరుగుదల ఉంది, అరగదీసిన చెయ్యి లేదు. వస్తువుతో పాటు కొలతలు, యజమాని వివరాలు రాసిపెట్టుకున్నారు. యజమానికి దొరికిన చోటు, దానితో పొద్దంతా ఇస్త్రీ చేసినవాళ్లకి దొరకలేదు. అమెరికా డిజైన్ అని పేరు పెట్టి, ఆ నేల మీద అందరికంటే ముందున్న ఆదివాసుల వస్తువుల్ని దాదాపుగా వదిలేశారు కూడా. బొమ్మ ఎంత నిజాయితీగా ఉన్నా, ఏది గీయాలన్న ఎంపిక అమాయకమైంది కాదు.

అల్మాస్‌గూడ లాంటి చోట కూర్చుని చూస్తే ఇది ఇంకా గుచ్చుకుంటుంది. మన కాలనీల్లో బొగ్గుల పెట్టె ఇంకా పూర్తిగా పాతసామాను కాలేదు. చెట్టు కింద ఇస్త్రీ బండి, మూత తీసి నిప్పులు కదపడం, బట్ట మీద నీళ్లు చిలకరించడం, అపార్ట్‌మెంట్ మెట్ల మీద మూటలు. అక్కడక్కడా గ్యాస్ పెట్టెలొచ్చాయి. 2021 నుంచి తెలంగాణలో లాండ్రీలకు నెలకి 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు కూడా ఉంది. బొగ్గు పోవడం మంచిదే, ఆ పొగ పీల్చేది బండివాళ్లే కదా.

పోయాక మాత్రం ఆ పెట్టె ఏ కేఫ్ అల్మారాలోనో అలంకారంగా తేలుతుంది. ఈలోగా మనవాళ్లెవరైనా దాన్ని గీస్తే బాగుండు. అదే ఓపికతో, అదే నలుపుతో. పక్కన కొలతలతో పాటు, ఆ పిడి ఎవరి అరచేతిలో నునుపెక్కిందో వాళ్లనడిగి, ఆ పేరూ రాయాలి.