పాదలేపమును పర్వతారోహణమును

అల్లసాని పెద్దన మనుచరిత్రమునందలి హిమవద్వర్ణనము పాఠశాలలలోఁ దఱచుగాఁ జెప్పఁబడు ఘట్టములలో నొకటి. దానియందు లోపము కలదని కొందఱందురు. ప్రవరుఁడు పర్వతమును జూచెనే కాని యెక్కలేదఁట. అడవి, పచ్చికబయలు, ఱాతినేల, మంచు అను వరుస యందుఁ గానరాదఁట. కావున నది చూచి వ్రాసినది కాక చదివి వ్రాసినదఁట. ఈ యాక్షేపము పరీక్షింపఁదగినది.

పూర్వులకుఁ గొండయందలి యంతరువులు తెలియవనుట పొసఁగదు. పాణిని ఉప, అధి అను నుపసర్గములపై ఆసన్నారూఢార్థములందు వరుసగాఁ ద్యకన్ ప్రత్యయమును విధించెను. కొండ చేరువ నేల యుపత్యక. కొండమీఁది నేల యధిత్యక. ఈ భేదము లోకవ్యవహారమున లేనిచో వ్యాకర్త సూత్రమును జేయఁబనిలేదు. కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గమున మేఘములు హిమవంతుని నడుము వఱకే తిరుగుననియు, సిద్ధులు క్రింది చఱియలపై మేఘచ్ఛాయను సేవించి, వానకు వేసరి, యెండగల శిఖరములకుఁ బోవుదురనియుఁ జెప్పెను. ఒక్క కొండపైనే క్రింద వాన, మీఁద నెండ! శీతోష్ణభేదము నింతకంటె స్పష్టముగాఁ జెప్పుట యెట్లు? ఇవి తెలిసిన సంప్రదాయమునఁ బుట్టిన పెద్దన యారోహణమును విడిచెనన్నచో, నది యజ్ఞానమువలనఁ గాదు, కారణాంతరమువలన నని యెంచుట న్యాయము.

ఆరోహణ మెట్టిదో తెలిసినఁగాని యా కారణము తెలియదు. టాంజానియాదేశమునందలి కిలిమంజారో దీనికిఁ దగిన యుదాహరణము. 5,895 మీటర్ల యెత్తుగల యీ పర్వతము పాదమునఁ బంటపొలములు, అరఁటితోఁటలు, పిదప సుమారు 2,800 మీటర్ల వఱకు వర్షారణ్యము, ఆపై 4,000 మీటర్ల వఱకుఁ బొదలు, గడ్డినేల, అటుపై 5,000 మీటర్ల వఱకు నీరులేని ఱాతియెడారి, శిఖరమున హిమానులు. భూమధ్యరేఖ చెంత నుండియు మంచునేలవంటి చలికిఁ గొలఁది దినములలోనే చేరవచ్చును. ఇట మార్గదర్శి లేక యెక్కుట నిషిద్ధము. అతఁడు మాటిమాటికిఁ జెప్పు స్వాహిలీ మాట "పోలె పోలె". మెల్లగా, మెల్లగా నని యర్థము. తెలుఁగున నుపమావాచకమైన పదము రూపముననే యట నడకకు సూత్రమైనది. గాలి పలుచనైనకొలఁది దేహము దానికి నలవడుటకుఁ గాలము కావలయును. ఆ కాలమును గొలిచి యిచ్చువాఁడే మార్గదర్శి.

పాదలేప మీ కాలమునే హరించును. దాని స్వభావ మెఱుఁగుటకు దూరము పోనక్కఱలేదు. హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదున 2008 మార్చిలో విమానాశ్రయము తెఱవఁబడినది. సుమారు 600 మీటర్ల యెత్తునఁగల యా పీఠభూమిపై నుదయమున విమానమెక్కి, ఢిల్లీలో వేఱొకటి మాఱి, 3,200 మీటర్లకుఁ బైబడిన లేహ్ పట్టణమున దిగువానికిఁ దలనొప్పియు, నాయాసమును గలుగుటయు, మొదటి దినములు విశ్రమింపుమని వైద్యులు చెప్పుటయుఁ దెలిసినదే. విమానము దూరమును దాఁటించినది. దేహమునకు దారిని నేర్పలేదు. అరుణాస్పదపురము విడిచిన ప్రవరునకు లేపము చేసిన యుపకారమును నింతియే. శంషాబాదు పేరిలోని "శమ్స్" అరబ్బీయున సూర్యునకుఁ బేరు. ప్రవరుని లేపమును గరఁగించినదియు సూర్యుఁడు కరఁగించిన మంచునీరే యగుట యొక వింత.

ఇప్పుడు పెద్దన యాశయము తేటపడును. ప్రవరుఁ డుపత్యకనుండి యొక్కొక్క యంతరువు దాఁటి యెక్కినట్లు వర్ణించియుండినచో, నతనికి మరలివచ్చు దారియుఁ దెలిసియుండును. దారి తెలిసినవాఁడు వరూధిని నడుగనేల? అడుగనిచోఁ గథ లేదు. సిద్ధుఁడు సాధన మిచ్చెనే కాని తోడు రాలేదు. మార్గము నడుగఁబడిన వరూధిని మార్గమును జెప్పలేదు. తుద కగ్నిదేవుఁడే యిల్లు చేర్పవలసివచ్చెను. కావున నారోహణలోపము వర్ణనకు దోషము గాదు. కథకు మూలబీజము, పాత్రకుఁ దగిన యౌచిత్యము. లేపము లేని కథలో, నడిచిపోవు నాయకునకుఁ గూడ నిట్టి వర్ణనమునే తగిలించు కవి మాత్ర మాక్షేపమునకుఁ బాత్రుఁడు.

అట్లని యారోహణకావ్యమునకుఁ దెలుఁగునాట వస్తువు లేదనరాదు. నిజామాబాదు జిల్లా పాకాలకుఁ జెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనందకుమారుఁడు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, భువనగిరి శిలపై నభ్యసించి, డార్జిలింగున శిక్షణముపొంది, 2014 మే 25న టిబెట్టువైపునుండి ఎవరెస్టు శిఖరమును జేరిరి. పూర్ణ కప్పటికిఁ బదునాలుగేండ్లు నిండలేదు. ఆమె 2016లోఁ గిలిమంజారోను సైత మెక్కెను. వీరి కడుగడుగునను దారి తెలిసినవారి తోడు కలదు, లేపము లేదు. ఈ వస్తువును గైకొను కవి, పెద్దన వర్ణనము ననుకరించిన భంగపడును. అతనికి ముందు నడచు షెర్పా యడుగును, నూపిరికిఁ బట్టిన కాలమును, నంతరు వంతరువునకు మాఱు నేలయును గావలయును.

పండితులు మనుచరిత్రమును బోధించునపుడు శబ్దాలంకారములతోనే నిలిచిపోక యీ భేదమును జెప్పుట మేలు. త్వరగాఁ జేరినవాఁడు కొండను జూడఁగలఁడు. నడిచి చేరినవాఁడే దిగఁగలఁడు. పెద్దన మొదటివాని కథను జెప్పెను, దాని కేమి తగునో యదియే వర్ణించెను. రెండవవాని కథను దగిన క్రమమున నిర్మించుట తరువాతి కవుల పని.