స్లాబు ఏం పలుకుతోంది?

ఈ వారం పేపరు మధ్యలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డు వెనక వీధిలో ఉన్న పాత అపార్ట్‌మెంటును ‘సీ వ్యూ ఇళ్లు’గా మారుస్తారట. బొమ్మలో ఒక్క బాల్కనీ లేదు, నేల నుంచి కప్పు దాకా అద్దాలే. నా బాల్కనీ గొడవ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మధ్యాహ్నం ఎండ ఆగి, సముద్రపు గాలి లోపలికి రావాలంటే బాల్కనీ ఉండాలి, సన్‌షేడు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అద్దాల గోడలు ఏమయ్యాయో ఊరంతా చూసింది.

అద్దాల కంటే ముందు అడగాల్సింది స్లాబు సంగతి. మా వీధిలో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. పాత ఇల్లు చూడమంటే గోడల జోలికి పోయేవాడు కాదు. స్టూలెక్కి, సుత్తితో స్లాబు అడుగున అక్కడక్కడా కొట్టి చెవి ఒగ్గేవాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమనేది. “ఇక్కడ బోలు పలుకుతోంది బాబూ” అన్నచోట పెచ్చు తీస్తే, లోపల చువ్వ పొరలు పొరలుగా రాలేది. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పగుళ్లలోంచి మళ్లీ ఉప్పు, మళ్లీ తేమ. పైన ఎన్ని పూతల రంగు వేసినా లోపలి తుప్పు ఆగదు. చువ్వ మీద ఉండే కాంక్రీటు మందాన్ని మేస్త్రీలు కవరు అంటారు. తీరప్రాంతంలో అది 45 మిల్లీమీటర్లు ఉండాలని ఐఎస్ 456: 2000 కోడ్ చెబుతోంది. నేను చూసిన పాత స్లాబుల్లో చాలావాటికి అందులో సగం కూడా లేదు.

పాతదాన్ని కూల్చొద్దు, బాగుచేసుకోండి అని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. పిల్లర్లు గట్టిగా ఉంటే ఇప్పటికీ అదే మాట. చెడిన కాంక్రీటు చెక్కేసి, తుప్పు గీకి, కొత్త చువ్వలు కట్టి, చుట్టూ కొత్త కాంక్రీటు పోసి జాకెటింగ్ చేస్తే ఆ బిల్డింగు చాలా ఏళ్లు నిలుస్తుంది. పిల్లర్లలోకే ఉప్పు దిగిన బిల్డింగుకు మాత్రం ఆ మాట చెప్పను. అద్దాలు తొడిగి అమ్మడం అన్యాయం, పాతదనే ప్రేమతో అలాగే ఉంచడం ప్రమాదం. స్థలంలో ఎవరి అవిభక్త వాటా (యూడీఎస్) ఎంతో, తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) అనుమతి సంగతేమిటో ముందే కాగితం మీద తేల్చుకుని, ఖాళీ చేసి కూల్చి కట్టుకోవడమే మేలు.

కరపత్రంలోని ఆ అపార్ట్‌మెంటులో ఫ్లాటు ఉన్నవాళ్లకు ఒక్క విన్నపం. బిల్డరు టైల్సు చూపించేలోపు, పిల్లర్ల నుంచి కాంక్రీటు నమూనాలు తీసి క్లోరైడు పరీక్ష చేయించిన రిపోర్టు అడగండి. అది చేతికి వచ్చేదాకా సంతకం పెట్టకండి.