దుఃఖగీతమూ ధైర్యమూ: పాల్ రాబ్సన్ గానం

దుఃఖాన్ని పాడే పాట మనిషిని కుంగదీస్తుందనీ, అభ్యుదయ కళకు అది పనికిరాదనీ వాదించే విమర్శకులు మనలో లేకపోలేదు. వారి దృష్టిలో కవాతు గీతం మాత్రమే ప్రజల గీతం. కన్నీటి ఛాయ కనిపిస్తే చాలు, అది నిరాశావాదం. ఈ వాదం ఎంత బలహీనమైనదో పాల్ రాబ్సన్ పాటలు విన్న తర్వాతనే నాకు బోధపడింది.

2020లో కరోనా మూలంగా తరగతులు మూతపడినప్పుడు, నేను పాఠాలు చెప్పే ఒక ప్రైవేటు కళాశాల కొన్ని నెలలు జీతాలు నిలిపివేసింది. ఇంటద్దె, అమ్మ మందులు, చిల్లరకొట్టు ఖాతా అన్నీ అప్పుమీద నడిచిన రోజులవి. అప్పుడే ఒక మిత్రుడు రాబ్సన్ పాటలు పంపాడు. మొదట విన్నది, తల్లికి దూరమైన బిడ్డ వేదనను చెప్పే బానిసల కాలంనాటి పాట. అందులో పోరాటం మాట లేదు, శత్రువు పేరు లేదు. అయినా అది నన్ను కుంగదీయలేదు. తోటి అధ్యాపకులతో కలిసి బకాయిల అర్జీ రాయడానికి కూర్చునే ఓపిక నాకు వచ్చింది. ఇది ఎట్లా సాధ్యం?

సమాధానం కొంత గాయకుని చరిత్రలో ఉన్నది. రాబ్సన్ 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి బానిసగా పుట్టి, 15వ యేట పారిపోయి స్వేచ్ఛ సంపాదించుకున్నవాడు. కొడుకు న్యాయశాస్త్రం చదివి, నటుడై, 1925లో న్యూయార్కులో కేవలం నల్లజాతి ప్రజల పాటలతోనే కచ్చేరీ చేశాడు. ఆ గీతాలలో చాలావాటికి బైబిలు కథలే వస్తువు. పైపైన చూసేవారికి అవి ఉత్త భజనలు. కాని ఈజిప్టు చెరనుండి మోషే తన జనాన్ని విడిపించిన కథను బానిస పాడితే, ఈజిప్టు ఎక్కడుందో, ఫరో ఎవరో పక్కనున్న బానిసకు వేరే చెప్పనక్కరలేదు.

మిగతా సమాధానం గానపద్ధతిలో ఉన్నది. రాబ్సన్‌ది మంద్రస్థాయి గళం. లారెన్స్ బ్రౌన్ పియానో తోడుంటే చాలు, వేరే ఆర్భాటం అక్కరలేదు. ఏడుపు జీర పెట్టడు. ప్రతి మాటా స్పష్టంగా, నిబ్బరంగా పలుకుతాడు. దుఃఖాన్ని ఇంత నిబ్బరంగా చెప్పేవాడు దానికి లొంగినవాడు కాడని శ్రోత గ్రహిస్తాడు. ప్రపంచ జానపద సంగీతాల అడుగున అయిదు స్వరాల వరుస ఒకటి ఉన్నదని ఆయన నమ్మాడు. మోహనరాగానికి అలవాటుపడ్డ మన చెవికి ఆ బాణీలు పరాయివిగా తోచకపోవడానికి అదొక కారణం కావచ్చు.

1928లో లండను రంగస్థలంమీద ఆయనకు కీర్తి తెచ్చిన 'ఓల్ మాన్ రివర్' చూడండి. మూలంలో ఉన్నది అలసట, లొంగుబాటు. తరువాతి కచ్చేరీలలో ఆయన కొన్ని మాటలు మార్చి, పోరాటం మానబోనన్న ప్రతిజ్ఞగా దాన్ని పాడాడు. బాణీ అదే, బరువూ అదే, అర్థం మారింది. న్యూయార్కులో చదువుకుంటూ ఆయనను కలుసుకున్న అస్సాం గాయకుడు భూపేన్ హజారికా, ఆ స్ఫూర్తితోనే నదిని నిలదీసే తన ప్రసిద్ధ గీతం కట్టాడు.

1950లో అమెరికా ప్రభుత్వం రాబ్సన్ పాస్‌పోర్టు లాక్కొని, 1958 దాకా తిరిగి ఇవ్వలేదు. 1952లో కెనడా వెళ్లనివ్వకపోతే సరిహద్దులోనే లారీమీద నిలబడి అవతలివారికి వినిపించేటట్టు పాడాడు. 1957లో వేల్సు గనికార్మికుల ఉత్సవానికి టెలిఫోను తీగమీదుగా పాట పంపాడు.

అంతమాత్రాన ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. 1935 నాటి 'సాండర్స్ ఆఫ్ ది రివర్' చిత్రం వలసపాలనను పొగిడింది. తరువాత ఆయనే దాన్ని నిరసించాడు. సోవియట్ దేశంలో యూదు రచయితలపై సాగిన నిర్బంధాన్ని మాత్రం ఆయన బహిరంగంగా ఖండించలేదు. ఆయన మిత్రుడు, కవి ఫెఫర్‌ను 1952లో అక్కడి ప్రభుత్వమే చంపించింది. ప్రజాగాయకుని మౌనం కూడ విమర్శకు లోబడవలసిందే.

ఓదార్పు రెండు విధాలు. ఒకటి బాధను మరపించి నిద్రపుచ్చుతుంది. మరొకటి ఈ బాధ నీ ఒక్కడిదే కాదని చెప్పి లేవదీస్తుంది. మొదటిదానికి భయపడి రెండవదాన్ని కాదనుకుంటే నష్టపోయేది మన ఉద్యమమే. కాబట్టి పాటలో విషాదం ఎంత ఉన్నదని కొలవడం చాలించి, విన్న మనిషి తోటివారి వైపు నడిచాడా లేదా అని విచారించడం విమర్శకుని విధి.